మకరద్వారంలో గొంతు సుంకం

పాదరసంలా మెరిసే నీటి మీద మంచు తెర జారింది. సూర్యుడు ఉదయించాడని చెప్పడానికి ఆ తెరలో ఒక కుంకుమ మరక తప్ప మరో గుర్తు లేదు. ఆ మరక వెలుగులో వజ్రకూట రాజ్యపు తీరం కోటగోడలా కనిపిస్తోంది. నిలువునా చెక్కినట్టున్న నల్లరాతి కొండలు, వాటి పాదాల దగ్గర కత్తుల్లాంటి బండలు, బండల మధ్య నురగలు కక్కే సుడిగుండాలు. ఓడ గాని పడవ గాని ఆ తీరం చేరడానికి దారి ఒక్కటే. రెండు కొండల నడుమ సన్నగా లోపలికి చొచ్చుకుపోయే ఆ నీటిదారి పేరు మకరద్వారం.

ఆ దారి వైపే నూకాలు పడవ సాగుతోంది.

నూకాలు గవ్వదీవి మనిషి. తన పడవకు తానే తండేలు. చుక్కాని పట్టి పడవ నడిపేది ఆమే. పడవ ముందు భాగాన చిరుగుల గోచీ కట్టి, ఒంటికి చేపనూనె పూసుకుని, తలకు పాతగుడ్డ చుట్టి తెడ్డు వేస్తున్న కళాసి మరెవరో కాదు, వజ్రకూట యువరాజు అరుణకేతుడు.

రాజవైద్యుడి వేషంలో వచ్చిన ధూమ్రకేశుడనే మాంత్రికుడు అరుణకేతుడి తండ్రిని మాయనిద్రలో ముంచాడు. రాజముద్రిక చేజిక్కించుకుని, తనను తానే సుంకాధిపతిగా ప్రకటించుకుని తీరమంతా ఆక్రమించాడు. యువరాజు కనబడితే బంధించి తెమ్మని చాటింపు వేయించాడు. తప్పించుకున్న అరుణకేతుడు పరదేశంలోని పాములమెట్ట మీది యోగిని దయవల్ల ఆ నిద్రకు విరుగుడు సంపాదించాడు. అది మేలుకొలుపు వేరు. ఎండిన గడ్డిపోచల్లా ఉంటుంది. నీటి చుక్క తగిలితే చిగురిస్తుంది. చిగురించిన రోజున పొద్దు గుంకేలోగా దాని పసరు నిద్రపోతున్నవాడి పెదవుల మీద పిండాలి. పొద్దు గుంకితే అది ఉత్త గడ్డి.

ఆ వేరును మకరద్వారం దాటించడమే ఇప్పుడున్న గండం.

గవ్వదీవి వజ్రకూట రాజుల ఏలుబడిలోని చిన్న దీవి. ఉప్పుగాలి తప్ప పొలం లేని ఆ జనం మీద జాలిపడి, అరుణకేతుడి ముత్తాత మకరద్వారం దగ్గరి కొండకు చెక్కిన రాతి మొసలి నుదుటి మీద ఒక శాసనం వేయించాడు. పరభూమి నుంచి వచ్చే సరుకుకు సుంకం అన్న మాటతో అది మొదలవుతుంది. గవ్వదీవిలో పుట్టిన సరుకుకు సుంకం లేదు. వేరే దేశంలో పుట్టి దీవి మీదుగా వచ్చినదానికి సుంకం ఉంది. ఎక్కడ పుట్టినా దీవివాళ్ల చేతిలో కొత్త రూపు పొందితే అది దీవిదే. ధూమ్రకేశుడు తన మంత్రాన్ని ఆ శాసనం మీదే నాటి రాతి మకరానికి ప్రాణం పోశాడు. అందుకే మకరం ఆ అక్షరాలకు కట్టుబడి ఉంటుంది. ఒక్క తీర్పు తప్పు చెప్పినా మంత్రం పటాపంచలవుతుంది. అయితే పూర్వం రాజుగారి బొక్కసానికి చేరే సుంకాన్ని మాంత్రికుడు మార్చేశాడు. ఇప్పుడు మకరం తీసుకునే సుంకం మనిషి గొంతు.

"బాబూ, ఇనండి." నూకాలు గొంతు తగ్గించింది. "రేవులోకెళ్లాక నోరు మెదపకండి. మీ మాట పట్టుపంచలాటిది. ఈ గోచీ కింద దాగదు. నత్తోడివని సెప్తాను. నా మేనల్లుడు కేతిగాడివి. మరి తిడితే ఏటీ అనుకోకండి."

"తిట్టు అక్కా, కొట్టు. విసనకర్ర భద్రమేనా?"

"ఎండుసేపల కింద మిగతా ఇసనకర్రలతో కలిపి పెట్టాను. మంచు తగలకుండా మైనం గుడ్డ సుట్టాను."

గవ్వదీవి ఆడవాళ్లు తుంగపోచలతో విసనకర్రలు అల్లడంలో నేర్పరులు. నూకాలు ఆ మేలుకొలుపు వేరును చీల్చి, దువ్వి, విసనకర్రగా అల్లింది. దీవి చేతిలో కొత్త రూపు పొందింది కనుక శాసనం ప్రకారం అది దీవి సరుకే. మిగతా తుంగ విసనకర్రల మధ్య దాన్ని పోల్చడం అల్లిన నూకాలుకే సాధ్యం.

"అక్కా, నీకు భయంగా లేదా?"

"ఎందుకుండదు బాబూ? నా పెనిమిటి పోలయ్య మావ గొంతు ఆ రాతిదాని కడుపులోనే ఉంది." ఆమె మంచులోకి చూస్తూ చెప్పింది. "నాకు బావుంటాదని పరదేశపు ఓడోళ్ల కాడ ఓ అద్దం కొన్నాడు. అదీ తప్పు. సేతిలో పట్టే అద్దం. దీవిది కాదంది ఆ మకరం, అంతే."

మంచు విడిపోయి మకరం కనిపించింది.

తాటిచెట్లంత కోరలు. దేవళపు గోపురం పట్టేంత నోరు. ఆ నోటిలోకి అలలు దూరి, మళ్లీ ఊపిరి వదిలినట్టు బయటికి వస్తున్నాయి. నుదుటి మీద శాసనాక్షరాలు నిప్పుకణికల్లా వెలుగుతున్నాయి. దవడ కిందే సుంకపు అరుగు. అరుగుకు అవతల నీటిదారిని మూసేస్తూ ఇనుప ఊచల తలుపు. దాన్ని లేపే పెద్ద చక్రం దగ్గర గొంతులు పోయిన మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ల కాళ్లకు సంకెళ్లు లేవు. అరవలేని మనిషి పారిపోయి ఎక్కడికి వెళతాడన్న ధీమా కాబోలు మాంత్రికుడిది.

వాళ్లకంటే ముందు ఒక వర్తకుడి ఓడ అరుగుకు ఆనింది. జలతారు తలపాగా చుట్టుకున్న ఆ వర్తకుడు పట్టుబట్టల మూటలు చూపిస్తూ పెద్దగా నవ్వాడు.

"గవ్వదీవి నేత, మహాప్రభూ! దీవి ఆడపడుచులు నేసిన పట్టు!"

మకరం నాలుక బయటికి వచ్చింది. అది రాతిది కాదు. నున్నటి తోలులా నల్లగా, ఓడ తాడంత పొడవుగా ఉంది. మూటల మీద పాములా పాకింది. కొండ లోపలి నుంచి వచ్చినట్టు ఒక స్వరం పలికింది.

"పురుగు దీవిది కాదు. దారం దీవిది కాదు. మగ్గం దీవిది కాదు. సుంకం."

వర్తకుడు వెనక్కి పరుగెత్తాడు. నాలుక అతని మెడను చుట్టింది. కొస అతని నోట్లోకి దూరింది. అతను గావుకేక పెట్టాడు. ఆ కేక మధ్యలో తెగిపోయింది. తెగిన రెండో సగం మకరం కడుపులోంచి వినిపించింది.

అరుణకేతుడి చేతిలో తెడ్డు జారింది. రాక్షసులతో కలబడి, పాములమెట్టను ఒంటరిగా దాటిన అతను జారిన తెడ్డును తడుముకుని అందుకున్నాడు. నోరు తెరిచి మూస్తూ, శబ్దం రాక తన మెడను తానే తడుముకుంటున్న వర్తకుణ్ణి భటులు చక్రం దగ్గరికి నెట్టుకుపోయారు.

"తర్వాతి పడవ!"

నూకాలు తాడు విసిరింది. బొజ్జ కదిలించుకుంటూ సుంకరి వచ్చాడు.

"ఏం సరుకే?"

"గవ్వలు, ఎండుసేపలు, ఇసనకర్రలు దొరా. అన్నీ మా దీవియే."

"వీడెవడు?"

"మా అన్న కొడుకండి. కేతిగాడు. నత్తోడు. ఒరే, దండం ఎట్టరా, సన్నాసీ!"

అరుణకేతుడు వంగి దండం పెట్టాడు. "ద్ద... ద్ద... దొ..." అన్నాడు. ఆ నత్తి సగం నటన, సగం నిజం. సుంకరి పగలబడి నవ్వి బుట్టలన్నీ అరుగు మీద దింపమన్నాడు.

దింపుతుండగా నూకాలు హఠాత్తుగా ఆగిపోయింది. చక్రం దగ్గరి మనుషుల్లో ఒకడు ఆమె వైపే చూస్తున్నాడు. గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి గాని, కళ్లు పోలయ్యవే. ఆమె పెదవులు అదిరాయి. పోలయ్య తల అడ్డంగా ఊపాడు. నన్ను ఎరగనట్టే ఉండు అన్నాడు కళ్లతో. ఆమె తల దించుకుని బుట్ట ఎత్తింది. ఎండుచేపల మీద టపటపా రాలిన కన్నీళ్లను సుంకరి చూడలేదు.

నాలుక గవ్వల మీద పాకింది.

"దీవి గర్భాన పుట్టినవి. సుంకం లేదు."

ఎండుచేపల మీద పాకింది.

"దీవి నీటివి. సుంకం లేదు."

మైనం గుడ్డ విప్పిన విసనకర్రల మీదికి వచ్చింది. ఒకదాన్ని తాకింది, మరోదాన్ని తాకింది. తర్వాత ఒక విసనకర్ర మీద ఆగిపోయింది.

"వేరు దీవిది కాదు," అంది మకరం.

సుంకరి చేతిలోని బరిసె లేచింది.

"చెయ్యి ఎవరిది?" అంది మకరం మళ్లీ.

"నాదే!" నూకాలు ముందుకు వచ్చింది. "ఈ సేతుల్తోనే సీల్సేను, ఈ సేతుల్తోనే అల్లేను. శాసనంలో రాసున్నాది కదా తల్లీ, దీవోళ్ల సేతిలో రూపు మారితే దీవిదేనని?"

నిప్పుకణికల అక్షరాలు రెపరెపలాడాయి.

"రూపు మారినది. దీవిదే. సుంకం..."

"ఆగు!"

ఆ ఒక్క మాటకే సుంకరి నేల మీద సాగిలపడ్డాడు. కొండ మెట్ల మీదుగా ధూమ్రకేశుడు దిగివస్తున్నాడు. ఎర్రటి పట్టువస్త్రం, ఎముకల పూసల హారం, చేతిలో మంత్రదండం. అతని తల మీద జుట్టుకు బదులు పొగ సుడులు తిరుగుతోంది. అడుగు పడిన చోటల్లా మంచు నల్లబడుతోంది.

"మకరం సందేహించిందంటే అక్కడేదో ఉంది." మాంత్రికుడి స్వరం తేనెలా మెత్తగా ఉంది. "ఏమమ్మా తండేలూ, పత్తి నూలు అయ్యాక, నూలు బట్ట అయ్యాక, మళ్లీ పత్తికాయ కాగలదా?"

"కాలేదు దొరా."

"కాలేదు. నిజంగా రూపు మారిన వస్తువు పాత రూపుకు తిరిగి రాదు. ఈ విసనకర్ర నిజంగా విసనకర్రే అయితే, నీట ముంచినా విసనకర్రగానే ఉంటుంది. అవునా?"

నూకాలు ముఖాన నెత్తురు చుక్క లేదు. ధూమ్రకేశుడు రెండు వేళ్లతో విసనకర్ర ఎత్తి, అరుగు అంచున వంగి, సముద్రంలో ముంచాడు.

పైకి తీశాడు. నీళ్లు కారాయి. ఏమీ కాలేదు. నూకాలు ఊపిరి వదలబోయింది.

అల్లిక మధ్యలో ఆవగింజంత పచ్చదనం కదిలింది. చూస్తుండగానే అది చిలకముక్కు అయింది, పాము పడగ అయింది. పోచ పోచకూ చిగురు లేచి, విసనకర్ర ఒక పచ్చటి గుబురై మాంత్రికుడి చేతిలో వణికింది. తొలకరి మట్టి వాసన లాంటి పరిమళం రేవంతా పరుచుకుంది. చక్రం దగ్గరి మనుషులు ఆ వాసనకు తలలెత్తారు.

"మేలుకొలుపు వేరు!" ధూమ్రకేశుడు పళ్లు కొరికాడు. "అల్లిక అబద్ధం. రూపు మారలేదు. మకరమా, నీ తీర్పు దిద్దుకో!"

"రూపు మారలేదు," అంది మకరం. "సుంకం."

నాలుక నూకాలు వైపు పాకింది. ఆమె పరుగెత్తలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని కళ్లు గట్టిగా మూసింది. చక్రం దగ్గర పోలయ్య నోరు తెరిచి అరిచాడు. ఆ అరుపుకు శబ్దం లేదు.

"ఆగు, మకరరాజా!"

నత్తిలేని స్వరం. ఖంగున మోగే స్వరం. సుంకరి తల తిప్పి నత్తోడి వంక నోరు వెళ్లబెట్టి చూశాడు. అరుణకేతుడి ఒళ్లంతా చెమటలు కారుతున్నాయి. ఇక దాగేది లేదు. మాట ఆపితే నూకాలు గొంతు పోతుంది, తండ్రి ప్రాణమూ పోతుంది.

"నీ నుదుటి శాసనంలో మొట్టమొదటి మాట ఏమిటో చదువు!"

నాలుక నూకాలు మెడకు జానెడు దూరంలో ఆగింది.

"పరభూమి నుండి వచ్చు సరుకునకు," అంది మకరం.

"పరభూమి నుంచి వచ్చిన ఎండువేరు నీరు తగలగానే పోయింది. మీ యజమాని చేతిలో ఉన్నది పచ్చటి చిగురు. ఆ చిగురు ఎక్కడ పుట్టింది?"

నాలుక కొస చిగురు వైపు మళ్లింది.

"దీవిలో పుట్టిందా? పాములమెట్టలో పుట్టిందా? ఇంతమంది కళ్ల ముందు, ఈ అరుగు మీద, ఈ రేవు నీటితో, వజ్రకూటపు గాలి పీల్చి పుట్టింది. మంత్రసాని మీ యజమానే! సొంత గడ్డ మీద పుట్టిన బిడ్డను సుంకం అడగమని మా ముత్తాత చెక్కించాడా?"

మా ముత్తాత! ఆ మాట నోరు జారిందని అతనికి ఆలస్యంగా తెలిసింది. ధూమ్రకేశుడి తల మీది పొగ నిట్టనిలువుగా లేచింది.

అక్షరాలు ఒక్కొక్కటిగా భగ్గున మండాయి. కొండంతా గడగడ వణికింది.

"వజ్రకూటాన పుట్టినది," అంది మకరం. "సుంకం లేదు. దారి!"

నాలుక గిరుక్కున తిరిగి మాంత్రికుడి చేతిలోంచి పచ్చగుబురును లాక్కుని నూకాలు ఒడిలో పడేసింది. దారి అన్న మాట వినగానే, అలవాటైన చేతులు చక్రం తిప్పాయి. ఇనుప తలుపు కిర్రుమంటూ లేవసాగింది.

"యువరాజా!" ధూమ్రకేశుడు నవ్వాడు. ఆ నవ్వులో తేనె లేదు. "సరుకు మాటే శాసనంలో ఉంది. మనుషుల మాట లేదు. మకరమా, ఈ ఇద్దరినీ మింగు! సుంకరీ, తలుపు దించు!"

భటులు చక్రం మీద పడ్డారు. పోలయ్య చక్రపు కమ్మిని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. కొరడా అతని వీపు చీల్చింది. వదల్లేదు. అతని పక్కన, ఇంతకుముందే గొంతు పోగొట్టుకున్న జలతారు తలపాగా వర్తకుడు కూడా వచ్చి కమ్మి పట్టుకున్నాడు. తలుపు సగంలో ఆగింది.

"అక్కా, పడవెక్కు!" అరుణకేతుడు ఆమెను ఒక్క తోపు తోశాడు. "కోట వెనక వాకిట్లో మా దాది ఉంటుంది. జొన్నకంకి పంపాడని చెప్పు. చిన్నప్పుడు నన్ను ఆమె ఒక్కతే అలా పిలిచేది. రాజుగారి దగ్గరికి చేరుస్తుంది. పొద్దు గుంకేలోగా!"

"మరి మీరు బాబూ?"

నాలుక మళ్లీ దూసుకువచ్చింది, నూకాలు మీదికే. అరుణకేతుడు ఆలోచించలేదు. ఆలోచిస్తే భయం గెలిచేది. రెండు చేతులూ చాచి ఆ నల్లటి తోలు మీదికి దూకి దాన్ని కావలించుకున్నాడు. చేపనూనె పూసిన ఒళ్లు జారింది. గోళ్లు దిగేసి పట్టు బిగించాడు. నాలుక మెలికలు తిరిగింది, అతణ్ణి గాల్లోకి ఎత్తింది, అరుగుకేసి బాదింది. అతను వదల్లేదు.

తలకిందులైన లోకంలో అతనికి ముక్కలు ముక్కలుగా కనిపించింది. పడవ తలుపు కింద నుంచి దూరడం. నూకాలు తాడు విసరడం. చక్రం వదిలి పోలయ్య నీళ్లలోకి దూకడం. అతని వెనకే ఇనుప తలుపు ధడాలున పడడం. తలుపుకు అవతల, తాడు చివర ఒక తల నీటి పైకి లేవడం.

ఆ తర్వాత కోరలు పైనుంచి జారిపోయాయి. వెలుగు సన్నటి గీత అయింది. రాతి దవడలు మూసుకున్నాయి.

చీకటి.

నాలుక అతణ్ణి ఎక్కడో వదిలేసి జారుకుంది. అతను పడ్డచోట నేల మెత్తగా, వెచ్చగా ఉంది. పైకి రాయే గాని, లోపల ఇది రాయి కాదు. ఉప్పు కుళ్లిన వాసన ముక్కులు బద్దలు కొడుతోంది. నడుము లోతు నీళ్లు, ఏటవాలుగా కిందికి ఎక్కడికో పారుతున్నాయి.

అతను కదలకుండా నిలబడ్డాడు. ఎవరో గొణుగుతున్నారు. ఎడమ వైపు. కాదు, కుడి వైపు. పైన. ఒక ముసలిది లాలిపాట పాడుతోంది. ఎవరో చేపల ధర అరుస్తున్నారు. ఎవరో ఏడుస్తున్నారు. తెగిపోయిన ఆ వర్తకుడి గావుకేక ఇంకా ముగియక గుండ్రంగా తిరుగుతూనే ఉంది. చేయి చాచాడు. ఎవరూ తగల్లేదు. మనుషులు లేరు. గొంతులే ఉన్నాయి.

"ఎవరు?" అన్నాడు, అనకుండా ఉండలేక.

లాలిపాట ఆగింది. ఏడుపు ఆగింది. అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"గొంతు," అంది ఒకటి, చెవి పక్కనే.

"వీడికి మెడ ఉంది."

"నోరుంది. నోరుంది!"

"నాకు! ముందు నాకు! నా పిల్లని ఒక్కసారి పిలుచుకుంటాను..."

గబ్బిలాల గుంపులా అవి అతని ముఖం మీద పడ్డాయి. చల్లటి గాలి పెదవులను తోస్తోంది, ముక్కుల్లో దూరుతోంది, పళ్ల సందులు వెతుకుతోంది. అరుణకేతుడు రెండు అరచేతులతో నోరు మూసుకుని నీళ్లలో కూలబడ్డాడు. వేళ్ల మధ్య నుంచి ఎవరిదో ఒక మాట లోపలికి జారింది. అతని నాలుక అతని ప్రమేయం లేకుండా కదిలి, ఎన్నడూ వినని ఒక ఆడపిల్ల పేరు పలికింది. అతను వెర్రిగా తల విదిలించి పళ్లు బిగించాడు.

అప్పుడు ఆ గోలకు దూరంగా, కింద, నీళ్లు పారే వైపు నుంచి, ఒక ఆడగొంతు వినిపించింది. తొందర లేదు. ఆశ లేదు.

"నోరు తెరవకు నాయనా. వాళ్లనేమీ అనకు, పాపం వాళ్లు నీకు శత్రువులు కారు. ఇటు రా. ఇంకా కిందికి. దారి నాకు తెలుసు."

ఆమె ఎవరో అడగాలంటే నోరు తెరవాలి. నమ్మాలో లేదో తేల్చుకోవాలంటే ముఖం కనబడాలి. అడుగుల చప్పుడు లేని ఆ గొంతు వెంట, రెండు చేతులతో నోరు అదిమిపట్టుకుని, వజ్రకూట యువరాజు చీకట్లోకి మొదటి అడుగు దించాడు. కాలికి నేల తగల్లేదు.